నేల మీద నుంచి లేవడం

నిన్న కట్టుకున్న చీర మడతపెడుతుంటే కొంగులోంచి ఆసుపత్రి వాసన వచ్చింది. స్పిరిటు, ఫినాయిలు, క్యాంటీను కాఫీ కలిసిన వాసన. కొన్ని వారాలుగా ఆ వాసన తగిలితే చాలు, చీర బకెట్లో పడేసేదాన్ని. ఈ రోజు పడేయలేదు. చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఇక రాయవచ్చు అనుకున్నాను.

రజియా టీచరుగారి గురించి ఎప్పుడో రాయవలసింది. రాయకపోవడానికి మొదటి కారణం, యాభై దాటేవరకు నాకు అక్షరాలు రావు. వచ్చాక మొట్టమొదట రాసేది ఆవిడ గురించే అనుకున్నాను. ఆపాటికి ఆవిడ చిక్కిపోవడం మొదలైంది. వారం వారం చిక్కిపోతున్న మనిషి గురించి ‘ఆవిడ ఇలా ఉండేవారు, ఇలా అనేవారు’ అని రాయాలంటే చెయ్యి సాగలేదు. పెన్ను పట్టుకుంటే పోయినవాళ్ళ గురించి రాస్తున్నట్టే ఉండేది. ఆ చిక్కడం ఏ జబ్బు వల్లో నిన్న పంజాగుట్టలో తేలింది. మేము భయపడిన జబ్బు కాదు. అందుకని ఇప్పుడు, మధ్యాహ్నం వంట దింపి, అమ్మాయిలు తినడానికి వచ్చేలోపు ఇది మొదలుపెట్టాను.

నేను అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో వంటమనిషిని. మాది తణుకు దగ్గర పల్లె. మా ఆయన పోయాక, తెలిసినవాళ్ళు చెబితే ఈ వంటగదికి వచ్చాను. అమీర్‌పేటలో గోడకు వేసిన సున్నం కనబడదు, అన్నీ బోర్డులే. దేశంలో ఉన్న కంప్యూటరు చదువులన్నీ మా సందులోనే చెబుతారు. ఎక్కడెక్కడి అమ్మాయిలో సంచులు భుజాన వేసుకుని నేర్చుకోవడానికి వస్తారు. వాళ్ళందరికీ వండిపెడుతూ, అన్ని బోర్డుల మధ్య, ఒక్క అక్షరం తెలియకుండా ఏళ్ళు గడిపాను. అయితే అంకెలు వచ్చు. బస్సు నంబర్లు, ఫోను నంబర్లు, కూరగాయల బండివాడు తెచ్చే సరుకు తూకం, ఇవన్నీ చదవగలను. వంటగది మూలన ఒక కాటా ఉంటుంది. రేకు పళ్ళెం ఉన్న పెద్ద కాటా, బియ్యం బస్తా కూడా దాని మీద పెట్టి చూస్తాం. ఆ కాటా అంకెలు నాకు కొట్టినపిండి.

మోకాళ్ళు నొప్పులు పుట్టి, పంజాగుట్ట పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే ఆయన ఎక్స్‌రేలు తీయించి చూసి, "బరువు తగ్గాలమ్మా. తగ్గకపోతే ముందు ముందు ఆపరేషన్ దాకా వెళ్తుంది," అన్నారు. తినవలసినవి, మానవలసినవి ఒక కాగితం మీద అచ్చువేసి ఇచ్చారు. ఆ కాగితం నేను చదవలేను. చదివి పెట్టమని అమ్మాయిలను అడగడానికి సిగ్గు. అందులో నాకు అర్థమైంది పైన పెన్నుతో రాసిన అంకె ఒక్కటే, నా బరువు. అంత పెద్ద ఒంటి గురించి నేను చదవగలిగింది ఆ ఒక్క అంకె. దాన్నే పట్టుకున్నాను. పొద్దున లేవగానే కాటా ఎక్కేదాన్ని, తిన్నాక ఎక్కేదాన్ని, స్నానం చేసి ఎక్కేదాన్ని. తాళాల గుత్తి తీసి ఎక్కేదాన్ని, గాజులు తీసి ఎక్కేదాన్ని. జరీ చీర కట్టుకున్న రోజు ఎక్కేదాన్ని కాదు.

రజియా టీచరుగారు నన్ను మొదట చూసింది ఆ కాటా మీదే. ఆవిడ సర్కారు బడిలో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. మా హాస్టల్ ఎదురు భవనంలో, రెండో అంతస్తులో ఒక్కరే ఉంటారు. మధ్యాహ్నం భోజనం మా దగ్గర్నుంచే. క్యారియర్ ఎవరితోనైనా పంపిస్తామంటే ఒప్పుకునేవారు కాదు, తనే వచ్చి పట్టుకెళ్ళేవారు. తెల్లటి సల్వారు, కాళ్ళకు గుడ్డ బూట్లు, నిటారుగా నడక. మెడలో విజిల్ లేదు గానీ, ఉన్నట్టే మాట్లాడతారు. ఆ రోజు నేను తిరుపతి నుంచి దిగి, గుండుకు రుమాలు కట్టుకుని, వంకాయల బుట్ట పక్కన పెట్టి కాటా ఎక్కి ఉన్నాను.

"ఏందే, వంకాయలతోని నిన్ను సుత తూస్తున్నవా?" అన్నారు గుమ్మంలోంచి.

"దేవుడికి తలనీలాలు ఇచ్చొచ్చానండి. ఎంత తగ్గానో చూసుకుంటున్నాను," అన్నాను. ఇందులో నవ్వడానికి ఏముందో నాకు నిజంగా తెలియదు. నా జుట్టు మోకాళ్ళ దాకా ఉండేది, దాని బరువు తక్కువా?

ఆవిడ నవ్విన నవ్వుకు చేతిలో క్యారియర్ మూత జారి కింద పడింది. "గుండు గొట్టిచ్చుకుంటే మోకాళ్ళకేం దెలుస్తదే? నెత్తి మీద ఏమున్నదో వాటికి కనవడ్తదా?" అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. ఆ పూట ఆవిడ క్యారియర్లో పప్పు పలచగా పోశాను.

నా పేరు సత్యవతి. ఆవిడ మొదటి రోజు నుంచీ సత్తెమ్మ అనే పిలిచారు. మా వైపు అలా పిలిస్తే పొలం పనికి పిలిచినట్టు ఉంటుంది. కొన్నాళ్ళు పలికేదాన్ని కాదు, తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడెవరైనా సత్యవతిగారూ అంటే వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమోనని చూస్తాను.

తర్వాత కొన్ని వారాలకు, ఒక శనివారం, పెద్ద గిన్నెలో అన్నం గంజి వారుస్తూ ఉండగా కళ్ళు తిరిగాయి. గిన్నె వదిలేస్తే కాళ్ళ మీద పడి ఉండేది. క్యారియర్ కోసం వచ్చిన టీచరుగారు కొంగు పట్టుకుని నన్ను వెనక్కి లాగి, గిన్నెను గట్టు మీదికి తోశారు. బడిలో పిల్లలను పట్టుకున్న చేతులు, పట్టు గట్టిగా ఉంటుంది.

"పొద్దుగాల ఏం దిన్నవ్?"

"శనివారం కదండీ, ఒక్కపొద్దు."

"మొన్న?"

"గురువారం. అదీ ఒక్కపొద్దే."

"సోమవారం గూడనా?"

"శివుడికండీ."

"మరి నడిమిట్ల దినాల్లో?"

మధ్యలో రోజుల్లో ఏం తింటానంటే, మిగిలింది తింటాను. అన్నం పారబోయడం నా వల్ల కాదు. అడుగంటింది, అమ్మాయిలు వద్దన్నది, గిన్నెకు అంటుకున్నది, గట్టు దగ్గర నిలబడి చేత్తో తీసి నోట్లో వేసుకుంటాను. ఇదంతా ఆవిడ నా నోటి నుంచే ఒక్కొక్కటిగా రాబట్టారు. చివరికి, "కూసోని తిన్నది ఎప్పుడే?" అని అడిగారు.

"వంటమనిషి కూర్చుని తినడం ఏంటండీ?"

"సరే. ఇప్పుడు కూసో. కళ్ళు తిరుగుతున్నయి గద, నేల మీద కూసో."

"కూర్చుంటే లేవలేను టీచరుగారూ," అన్నాను. అనుకోకుండా వచ్చేసిన మాట అది. ఎవరికీ చెప్పలేదు అప్పటిదాకా. నేల మీద కూర్చుని ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు. పూజ నిలబడి చేసుకునేదాన్ని, కూరలు స్టూలు మీద కూర్చుని తరిగేదాన్ని. ఊళ్ళో పెళ్ళికి పిలిస్తే, బంతి భోజనాలంటే భయపడి పనుందని చెప్పేదాన్ని. ఆవిడ నవ్వుతారని చూశాను. నవ్వలేదు. క్యారియర్ గట్టు మీద పెట్టి, నా భుజం మీద చెయ్యేసి, మెల్లగా కిందికి దింపారు.

గంజి వేడి తగ్గి, నాకు కాస్త తెప్పరిల్లాక లేవబోతే లేవలేకపోయాను. భోజనానికి వచ్చిన అమ్మాయిలు ఇద్దరు పరుగెత్తుకొచ్చి చెరో చెయ్యి పట్టుకున్నారు. "గుంజకుండ్రి!" అని టీచరుగారు వేసిన కేకకు వాళ్ళు చేతులు వదిలేసి వరసలో నిలబడిపోయారు. "సత్తెమ్మా, ముందుగాల పక్కకు తిరుగు. రెండు చేతులు నేలకు ఆనియ్యి. ఒక కాలు ముందల పెట్టు. గా స్టూల్ వట్టుకో. తొందరేం లేదు, ఎవ్వరు మార్కులు ఎయ్యరు." మధ్యలో ఏడుపొచ్చింది. చెమటలు కారాయి. లేచాను. లేచి నిలబడ్డాక ఆవిడ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "డాక్టర్ సాబ్ చెప్పింది తప్పుగాదు. తగ్గాలె, తగ్గుతవ్. గానీ నువ్వెంత బరువున్నవని రోజూ కాటాను అడుగుతున్నవ్. నీ బరువు నువ్వు లేపగల్గుతున్నవా అని ఎన్నడన్న అడిగినవా?"

మర్నాటి నుంచి ఆవిడ క్యారియర్ కోసం ఒక అరగంట ఆలస్యంగా రావడం మొదలుపెట్టారు. అమ్మాయిలంతా తిన్నాక నేను పళ్ళెంలో వడ్డించుకుని కూర్చుని తినాలి, తిన్నాక చేతి సాయం లేకుండా లేవడానికి ప్రయత్నించాలి. మొదట స్టూలు మీద నుంచి. అది వచ్చాక పీట మీద నుంచి. తర్వాత నాలుగు మడతలు పెట్టిన గోనెసంచి. చివరికి నేల. ఒక్కొక్క మెట్టు దిగడానికి నెలలు పట్టింది. నిలబడి గిన్నెలు గీకడం మానేశాను. ఆశ్చర్యం ఏమిటంటే, పళ్ళెంలో పెట్టుకుని కూర్చుంటే ఎంత తింటున్నానో కంటికి కనబడింది, అంతవరకు కనబడలేదు. ఒక్కపొద్దుల్లో శనివారం మాత్రం ఉంచుకున్నాను. అది వెంకన్న కోసం, కాటా కోసం కాదు.

కాటా మీదికి ఎక్కనివ్వకుండా ఆవిడ ఒక ఉపాయం చేశారు. బియ్యం బస్తా ఒకటి ఎప్పుడూ దాని మీదే ఉండేలా సరుకులు దించేవాళ్ళకు చెప్పేశారు. హాస్టల్ నడిపే మా మేడం అడిగితే, "కింద పెడితే పందికొక్కులు కొరుకుతయమ్మా," అన్నారు. మా మేడం నమ్మింది. కాటా బదులు, ప్రతి శుక్రవారం ఆవిడ నన్ను ఒకే ప్రశ్న అడిగేవారు. "ఈ వారం ఏం అలకగ అయింది?" అంటే ఏ పని తేలికయిందని. మొదట్లో ఏమీ తోచేది కాదు. తర్వాత్తర్వాత శుక్రవారం కోసం వారమంతా వెతుక్కోవడం అలవాటైంది. చెప్పు పట్టీ వంగి నేనే పెట్టుకున్నాను. మంచం మీద ఒత్తిగిల్లడానికి మంచంకోడు పట్టుకోలేదు. పక్క గది అమ్మాయి, "ఆంటీ, ఈ మధ్య మీ గురక వినిపించట్లేదు, ఊరెళ్ళారేమో అనుకున్నా," అంది. షేర్ ఆటోలో నేను ఎక్కుతుంటే జరిగేవాళ్ళు నిట్టూర్చలేదు. ఒక రోజు పాత నేత చీర కట్టుకుంటూ ఉంటే, ఎప్పుడూ వచ్చే కుచ్చిళ్ళకు పైన ఇంకో కుచ్చి వచ్చింది. చీర పెరగదు కదా. ఆ మాట చెబితే టీచరుగారు చప్పట్లు కొట్టారు. "ఇది నా డ్రిల్ల లేదే! నాకు చీరలు కట్టే అలవాటు లేదు, గిది నువ్వే కనిపెట్టినవ్," అన్నారు.

చెప్పవలసినవి ఎక్కువయ్యేసరికి శుక్రవారం నాటికి సగం మరిచిపోయేదాన్ని. రాసుకోమన్నారు. రాయడం రాదన్నాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు, జాలిపడలేదు. "నేను డ్రిల్ టీచర్ని. ఒత్తులు నాకే సగం రావు. అయినా చూద్దాం," అన్నారు. అఆలతో మొదలుపెట్టలేదు. మొదట దిద్దించిన మాట ‘లేచాను’. చాక్‌పీసుతో వంటగది గట్టు కింద గోడ మీద. అది దిద్దాలంటే నేల మీద కూర్చోక తప్పదు, దిద్దాక లేవకా తప్పదు. రెండు పాఠాలు ఒకేసారి చెప్పేవారు ఆవిడ. తర్వాత మెట్లు, నిద్ర, చెప్పులు, కుచ్చి. ఏడాది తిరిగేసరికి మా సందులో బోర్డులు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాను. అందరూ ఉద్యోగాల కోసం చదువుకునే చోట, నేను నా మోకాళ్ళ కోసం చదువుకున్నాను.

ఆ ఏడాది చివర ఎముకల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. నర్సు తూకం చూసింది. అంత కష్టపడితే తగ్గింది రెండు కిలోలు. నాకు దుఃఖం ఆగలేదు. పంజాగుట్ట చౌరస్తాలో ఆ బస్సుల రొద మధ్యే నిలబడి టీచరుగారికి ఫోను చేశాను.

"రెండే తగ్గానండి."

"సరే. డాక్టర్ సాబ్ ఇంకేమన్నడు?"

"మోకాళ్ళు బాగా వంగుతున్నాయట. తొడల్లో బలం వచ్చిందట. ఆపరేషన్ మాట ఇప్పట్లో అక్కర్లేదన్నారు."

"అల్లా! గది ముందుగాల జెప్పవేందే! ఏడుస్తున్నవని నా గుండె ఆగిపాయె!" అని ఫోనులోనే కేకలేశారు. ఫోను పెట్టేశాక నాకు నవ్వొచ్చింది. మెట్రో మెట్లెక్కి పైకి వచ్చాక చూసుకుంటే ఆయాసం లేదు. ఇప్పటికీ కాటా లెక్కలో నేను తగ్గింది ఆట్టే లేదు. ఇంకాస్త తగ్గితే మంచిదని నాకూ తెలుసు. కాని ఆ రోజు తర్వాత ఆ అంకె నన్ను ఏడిపించలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పోయిన చలికాలంలో టీచరుగారు తగ్గడం మొదలైంది. మొదట ఎవరికీ భయం వేయలేదు, అందరూ మెచ్చుకున్నారు. టోలిచౌకిలో ఉన్న ఆవిడ మరదళ్ళు, "ఆపా, మస్తు స్లిమ్ అయినవ్, ఏం తింటున్నవ్ చెప్పు," అని అడుగుతున్నారని మురిసిపోతూ చెప్పారు. కాని క్యారియర్ కట్టేదాన్ని నేను. ఏం తింటున్నారో నాకు తెలుసు. అంతకుముందు రెండు చపాతీలకు మించి తినని మనిషి, అదనంగా అన్నం, పెరుగు అడుగుతున్నారు. సాయంత్రం మళ్ళీ వచ్చి ఉప్మా ఉందా అంటున్నారు. తినేది పెరిగి మనిషి తరగడం నాకు నచ్చలేదు. చలిలో ఫ్యాను వేసుకుంటున్నారు. టీ ఇస్తే కప్పు సాసరు మీద గలగలలాడుతోంది.

ఒక రోజు క్యారియర్ నేనే పైకి తీసుకెళ్ళాను. ఆవిడ నమాజులో ఉన్నారు. గుమ్మం దగ్గర ఆగిపోయాను. ఆవిడ నమాజు చేయడం ఇదివరకు చాలాసార్లు చూశాను. నేల మీద నుంచి లేవడమంటే అలా లేవాలి అనిపించేది, గాలికి తెర లేచినట్టు. ఆ రోజు అలా లేవలేదు. కాసేపు ఆగి, పక్కనున్న మంచంపట్టె మీద చెయ్యి వేసి, దాన్ని నొక్కి లేచారు. మళ్ళీ వంగారు. మళ్ళీ పట్టె పట్టుకున్నారు. నా చేతుల్లో క్యారియర్ బరువెక్కింది. ఆ పట్టుకోవడం నాకు తెలుసు. ఎన్నేళ్ళో అలా పట్టుకుని లేచినదాన్ని.

ఆ మర్నాడు ఆవిడ వంటగదికి వచ్చి, తనే బియ్యం బస్తా పక్కకు నెట్టబోయారు. కదల్లేదు. నేను జరిపితే కాటా ఎక్కారు. అంకె చూసి చిన్నపిల్లలా చెయ్యి పైకెత్తారు. "చూడే! ట్రైనింగ్ కాలేజీల ఉన్నప్పటి బరువు!"

"మరి లేచేటప్పుడు మంచంపట్టె ఎందుకు పట్టుకుంటున్నారు టీచరుగారూ?"

ఆవిడ ముఖంలో నవ్వు అలాగే ఉంది కాని కళ్ళు మారిపోయాయి. "ఎవలు జెప్పిండ్రు?"

"నేను చూశాను. రెండుసార్లు పట్టుకున్నారు."

"ముసలిదాన్నయితున్న. పట్టుకోనా?"

"పోయిన రంజానుకు పట్టుకోలేదండి. బస్తా కూడా జరిపేవారు, ఇప్పుడు కదల్లేదు. బరువు తగ్గితే తేలిగ్గా లేవాలి కదా. మీరు తగ్గేకొద్దీ కష్టంగా లేస్తున్నారు. ఒక్కసారి డాక్టరుకు చూపిద్దాం."

"నేను నేర్పిన పాఠం నాకే చెప్తవా?" అని కాటా దిగి, క్యారియర్ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు. ఎన్నో ఏళ్ళు నా మీద కేకలేశారు గాని, ఆవిడకు నిజంగా కోపం రావడం అదే మొదటిసారి చూశాను. నాలుగు రోజులు రాలేదు. నేను క్యారియర్ పట్టుకెళ్ళి గుమ్మంలో పెట్టి, తలుపు తట్టి వచ్చేసేదాన్ని. సాయంత్రానికి ఖాళీ క్యారియర్ కడిగి బయట పెట్టి ఉండేది. ఐదో రోజు తలుపు తెరిచే ఉంది. ఆవిడ మంచం మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. వేళ్ళు వణుకుతున్నాయి.

"మా అమ్మ గిట్లనే చిక్కిపోయిందే," అన్నారు తలెత్తకుండా. "అందరు మంచిగయినవ్ అన్నరు. తర్వాత తెలిసింది కడుపుల గడ్డ అని. నాకు భయమై కాటా ఎక్కిన. తగ్గితే సంతోషపడాలె అని నాకు నేనే చెప్పుకున్న. చల్, పోదాం."

నేను కింద కూర్చుని ఆ లేసులు కట్టాను. కట్టి లేచాను. ఆవిడ చూసి, నా తల మీద ఒకసారి చెయ్యి పెట్టారు.

ఆ తర్వాత వారాలన్నీ ఆసుపత్రి వాసనే. రక్తాలు, స్కానింగులు, ఈ గది ఆ గది. నేను పొద్దున టిఫిను చూసుకుని, మధ్యాహ్నం వంట తొందరగా దింపి, ఆవిడతో పంజాగుట్ట వెళ్ళేదాన్ని. ఒకే స్టేషన్ దూరం. అయినా ఆ స్టేషన్ దాటేవరకు ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆవిడ కిటికీలోంచి ఫ్లైఓవరు మీద ఆగిపోయిన కార్లను చూసేవారు. నేను ఆవిడ దుపట్టా కింద భుజం ఎముకను చూసేదాన్ని. ‘గడ్డ’ అనే మాట మా ఇద్దరి మధ్యా కూర్చుని ప్రయాణం చేసేది.

నిన్న డాక్టరమ్మ రిపోర్టులన్నీ ముందు పరుచుకుని, మొదటి మాటే, "గడ్డలేమీ లేవండి," అంది. ఆ డాక్టరు చిన్నపిల్ల, మా హాస్టల్ అమ్మాయిల కంటే కాస్త పెద్దది. మెడ దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోందట. ఎంత తిన్నా చిక్కిపోవడం, చెమటలు, చేతుల వణుకు, అన్నీ అందువల్లేనట. తొడల్లో కండ బలహీనపడింది కూడా దానివల్లేనట. "మందులతో అదుపులోకి వస్తుంది. బలం మెల్లగా తిరిగొస్తుంది, తొందరపడకండి. అంతవరకు నేల మీద కూర్చుని లేవడం బలవంతంగా చేయొద్దు, పడితే తుంటి విరుగుతుంది," అంది. మొదటి మాటలన్నిటికీ తలూపిన టీచరుగారు ఈ ఆఖరి మాటకు తలూపలేదు. దుపట్టా అంచు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయారు.

బయటికి వచ్చాక మెట్ల మీదే ఆగి, గట్టిగా ఊపిరి తీసుకున్నారు. నేనూ తీసుకున్నాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని, ఎందుకో తెలియదు, నవ్వడం మొదలుపెట్టాం. లోపలికి వస్తున్నవాళ్ళు మమ్మల్ని తిరిగి తిరిగి చూశారు.

"బరువు పెరగాలంట నేను. ఇనవడ్డదా? రేపటిసంది నెయ్యి పొయ్యి," అన్నారు.

"పోస్తాను. గరిట నా పళ్ళెం వైపు తిరక్కుండా మీరే చూసుకోవాలి."

"తిరిగితే విజిలేస్త!"

రైల్లో ఈసారి ఆవిడే మాట్లాడారు. మందుల పేర్లు నాచేత పైకి చదివించారు. పొడుగు పేర్లు, నాకు నోరు తిరగలేదు. తిరగకపోయినా మూడు సీట్ల అవతల దాకా వినబడేలా చదివాను.

ఆవిడ నాకేమిచ్చారని ఎవరైనా అడిగితే అక్షరాలు అంటానని అనుకుంటారు. అవీ ఇచ్చారు. కాని నాతో ఎక్కడికైనా వచ్చేది ఇంకొకటి. ఇప్పుడు ఎవరిని చూసినా వాళ్ళు లావా సన్నమా అని నా కన్ను చూడదు. కూర్చున్నచోటి నుంచి ఎలా లేస్తున్నారో చూస్తుంది. గుళ్ళో ప్రదక్షిణం చేసి మెట్టు మీద కూర్చున్న ముసలావిడ, బస్టాపులో సంచులతో ఉన్న మనిషి, మా హాస్టల్లో రాత్రంతా చదివి పొద్దున గోడ పట్టుకుని లేచే అమ్మాయి. ఆ అమ్మాయి సన్నగా మెరుపుతీగలా ఉంటుంది. దానికి రోజూ ఒక గుడ్డు ఎక్కువ వేస్తున్నాను. ఎందుకో అడగదు, నేనూ చెప్పను.

ఈ రోజు తెల్లవారుజామున, ఇడ్లీకి నీళ్ళు పెట్టకముందే, మా డైనింగు హాల్లోంచి చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకున్నాను. తిరగేసి నెత్తి మీద పెట్టుకుని, సందు దాటి, ఎదురు భవనం రెండో అంతస్తు ఎక్కాను. టీచరుగారు నమాజుకని వజూ చేసుకుని, ముఖం ఇంకా తడిగా ఉండగానే తలుపు తీశారు.

"ఇదేందే?"

"కుర్చీ."

"కనవడ్తలేదా నాకు? ఎందుకని అడుగుతున్న."

"మందు పనిచేసేదాకా. కూర్చుని కూడా నమాజు చేయొచ్చట కదా, కింద కిరాణా చాచాను అడిగాను."

"నేను డ్రిల్ టీచర్నే, సత్తెమ్మా."

"డ్రిల్ టీచరు తుంటి విరగ్గొట్టుకుంటే పిల్లలు నవ్వరా?"

ఆవిడ చాలాసేపు ఆ కుర్చీ వైపే చూస్తూ నిలబడ్డారు. బయట అజాన్ మొదలైంది. "మీ మేడంకు చెప్పినవా?" అన్నారు చివరికి. చెబుతానన్నాను. ఆవిడ కుర్చీని పట్టుకుని చాప చివర పెట్టారు. బాగా లేదని కాస్త జరిపారు, మళ్ళీ జరిపారు, బడి మైదానంలో పిల్లల వరస సరిచేసినట్టు. దుపట్టా తల మీదికి లాక్కుని కూర్చున్నారు.

నేను ఆవిడ వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాను. అవతల హాస్టల్లో ఇడ్లీపిండి పొంగి గిన్నె మూత ఎత్తేస్తూ ఉంటుంది. అయినా ఆవిడ నమాజు అయ్యేదాకా మంట సన్నగానే ఉంచాను.